కొండచిలువకు ఇల్లు అమర్చుట

ఈ సాయంకాలము నేను ప్రసంగింపబూనిన విషయము పేరు వినగానే రేడియో మీట మీదికి చేయి పోవు శ్రోతలు కొందరుందురని నేనెఱుగుదును. వారిని తప్పుపట్టను. రెండేండ్ల క్రిందట రాయదుర్గములోని మా అయిదవ అంతస్తు ఇంటికి మా దౌహిత్రుడు ఒక గుడ్డసంచిలో కొండచిలువ పిల్లను తెచ్చినపుడు నేనును ఒక గంటసేపు వసారాలోనే నిలిచియుంటిని. వాడు ఆ చుట్టుపట్లనే ఒక కంప్యూటరు కార్యాలయములో పనిచేయును. “తాతయ్యా, గాజుతొట్టి కొన్నాను, దీపం కొన్నాను, ఇంక చేయవలసింది ఏమీ లేదు” అనెను. చేయవలసినది ఎంతయో యున్నదని మా యిరువురకును తెలియుటకు నెల దినములు పట్టెను. ఆ నెలలో పాముపిల్ల ప్రాణము మీదికి వచ్చెను. ఇప్పుడు నేను చెప్పునదంతయు అట్లు నేర్చుకొన్నదే.

ముందు పేరు మాట. కొండచిలువ యనగా కొండమీది చిలుక కాదు. చిలువ యన్నది పామునకు అచ్చతెలుగు పేరు. కొండలలో నుండు పాము గనుక కొండచిలువ. ఈ పేరు మా ప్రాంతమునకు తగియేయున్నది. అటు దుర్గము చెఱువు, ఇటు ఖాజాగూడ గుట్టలు. ఎటు చూచినను సుమారు 250 కోట్ల యేండ్ల నాటి గ్రానైటు బండలే. వానిలో పగులగొట్టి మేడలు కట్టినవి పోగా మిగిలినవి ఇంకను కొన్ని గలవు. ఇట్టి బండల సందులు, పొదలు మన దేశపు కొండచిలువకు పుట్టినిండ్లు. హైదరాబాదు పరిసరములలో అవి అప్పుడప్పుడు ఇండ్ల దరికి వచ్చుటయు, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంఘమువారు వానిని పట్టి అటవీశాఖ ద్వారా అడవికి చేర్చుటయు కద్దు.

మన దేశపు ఈ జాతిని ఇంట పెంచుకొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఇది మొదటి షెడ్యూలులో నున్నది. దానిని గూర్చిన నేరమునకు మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వఱకు కారాగారవాసము గలదు. మా ఇంటికి వచ్చినది వేఱు జాతి. పశ్చిమాఫ్రికా, మధ్యాఫ్రికా గడ్డిబయళ్ళది. భయపడినపుడు తలను లోపల దాచుకొని బంతివలె చుట్టుకొనును గనుక దానిని బాల్ పైథాన్ అందురు. పూర్తిగా ఎదిగినను మూడు మొదలు అయిదడుగుల పొడవు. విషము లేదు. ఐనను దీనికిని కాగితములు కావలెను. సైటీస్ అను అంతర్జాతీయ ఒడంబడికలో దీని పేరు రెండవ అనుబంధమున నున్నది. 2022లో మన చట్టమును సవరించి, 2024 ఫిబ్రవరిలో నియమములను వెలువరించిరి. వాని ప్రకారము ఇట్టి జంతువును సంపాదించినవాడు 30 దినములలోపల పరివేష్ అను ప్రభుత్వపు వెబ్‌సైటున నమోదు చేయింపవలెను. అది చేయి మారినను, చనిపోయినను తెలుపవలెను. కాగితములు చూపలేని అమ్మకందారు ఎంత చౌకకిచ్చినను పుచ్చుకొనకుడు. మావాడు ఈ పని మాత్రము సక్రమముగా చేసెను. చేయకయుండినచో నేను ఈ ప్రసంగమునకు వచ్చియుండను.

ఇక ఇంటి సంగతి. పాముకు ఎట్టి ఇల్లు కావలెనో తెలియుటకు, అది తన దేశమున ఎట్లుండునో చూడవలెను. బాల్ పైథాన్ పగలంతయు ఎలుకల బొరియలలోను, చెదపుట్టలలోను ముడుచుకొనియుండి రాత్రి బయటికి వచ్చును. పుట్ట పాముకు నిలయమని మనకు చిన్ననాటినుండియు తెలియును; నాగులచవితినాడు పాలు పోయుదుము. పాము పాలు త్రాగదు, ఆ మాట వేఱు. పుట్టలోపల ఏమున్నదని మాత్రము మనలో ఎవ్వరును ఆలోచింపరు. బయట ఎండ మాడ్చుచున్నను లోపల వేడి మితముగా నుండును. బయటి గాలి ఎండినను లోపల తేమ నిలుచును. చీకటి. ఇఱుకు. నాలుగు ప్రక్కలను గోడ శరీరమునకు తగులుచుండును. ఈ అయిదు గుణములును మనము పెట్టెలో కల్పింపగలిగినచో పాము బ్రతుకును.

మా గాజుతొట్టిలో వీనిలో ఒక్కటియు లేకుండెను. నాలుగు ప్రక్కల గాజు, పైన ఇనుపవల, నట్టనడుమ ప్లాస్టికు చెట్టు, దానిని నడిమి గదిలో టెలివిజను ప్రక్కన నుంచితిమి. వచ్చిపోవు వారందఱును వంగి చూచుచుండిరి. పగలెల్ల ఏసీ నడుచుచుండుటచే గాలి ఎండిపోయెను. మూడు వారములు పాముపిల్ల ఆహారమును ముట్టలేదు. ఈ జాతి ఉపవాసమునకు పేరుపడినదే. పెద్దవి నెలల కొలది తినకుండుట కలదు. కాని పిల్లకు అంత ఓర్పు లేదు. వంటింటి త్రాసున తూచి చూడగా బరువు తగ్గుచుండెను. పిమ్మట కుబుసము విడువబోయి, అది ముక్కలు ముక్కలై, కన్నులమీది పొర ఊడక నిలిచిపోయెను. పాముకు కనుఱెప్పలు లేవు. కంటిపై పారదర్శకమైన పొలుసు ఉండి ప్రతి కుబుసముతోను అదియు ఊడిపోవలెను. అది నిలిచినదన్నచో తేమ చాలలేదని అర్థము. పశువైద్యుడు చూచి, మందు వ్రాయక, “ఇల్లు మార్చండి” అనెను.

వడ్రంగిని పిలిచి కొత్త పెట్టె చేయించితిమి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఎదిగిన బాల్ పైథాన్‌కు ఇంతకు తగ్గరాదు. పిల్లకు ఇంత పెద్దది భయముగొల్పునని కొందఱందురు. భయము చోటు వలన గాదు, చాటు లేకపోవుట వలన. చాటులు నిండుగా నుంచినచో పెద్ద పెట్టెయు పిల్లకు తగును. గోడలు ప్లైవుడ్డు, మూడువైపుల మూసినవి, ముందుమాత్రము జారుడు గాజుతలుపులు. లోపల నీటికి చెడని వార్నీషు రెండు పూతలు పూయించి, వాసన బొత్తిగా పోవువఱకు రెండు వారములు తెఱచియుంచితిమి. తలుపు ముందునుండి తెఱచుటలో ఒక కిటుకు గలదు. పైనుండి దిగునది పాముకు గ్రద్ద. అందుచే పైమూత తీసి చేయిపెట్టినచో బెదరును. గాలి రంధ్రములు ఒకవైపు క్రిందుగా, రెండవవైపు పైగా నుండవలెను. తలుపునకు తాళము తప్పదు. పాము తలదూరు సందున ఒడలెల్ల దూరును. మా అంతస్తులో నాలుగు కాపురములున్నవి. మా పాము వారి స్నానాలగదిలో తేలుట నేను కలలోను కోరను.

వేడి మాట విపులముగా చెప్పవలెను. పాము తన ఒడలి వేడిని తాను పుట్టించుకొనలేదు. వెచ్చని చోటికిని చల్లని చోటికిని తిరుగుచు సరిచూచుకొనును. కావున పెట్టెలో ఒక కొన వెచ్చగను, ఒక కొన చల్లగను ఉండవలెను. వెచ్చని కొన 31 మొదలు 33 డిగ్రీల సెంటిగ్రేడు. చల్లని కొన 25 మొదలు 27. రాత్రి 23కు దిగువకు పోరాదు. వెలుగు నీయక వేడి నిచ్చు పింగాణీ బల్బు పైకప్పునకు బిగించి, పాము దానిని చుట్టుకొనకుండ ఇనుపవల తొడుగవలెను. ఆ బల్బును నేరుగా కరెంటునకు తగిలింపరాదు. నడుమ థర్మోస్టాటు ఉండవలెను. మేము మొదటి రాత్రి దానిని తగిలించితిమి గాని, దాని కొసను చల్లని వైపున పడవేసితిమి. అది చల్లగానున్నదనుకొని బల్బును మండించుచునే యుండెను. తెల్లవారుసరికి వెచ్చని కొన 42 డిగ్రీలు. అదృష్టవశమున పాము అప్పటికింకను పాతతొట్టిలోనే యున్నది. కొస వెచ్చని చోటనే ఉండవలెను. పామును చేర్చుటకు ముందు వారము దినములు ఖాళీపెట్టెను నడిపి చూడవలెను. వేడిరాళ్ళని అమ్మునవి కొనకుడు. వానిపై పరుండి పొట్ట కాల్చుకొన్న పాములు పశువైద్యులకు క్రొత్తకావు.

పొరుగుదేశపు పుస్తకములన్నియు వెచ్చజేయుట యెట్లో చెప్పును. మనకు సంవత్సరమున మూడు నెలలు దానికి విరుద్ధమైన చిక్కు. హైదరాబాదున మేనెలలో బయట 40 దాటును. అయిదవ అంతస్తున మూసిన గది 37, 38కి వచ్చును. అప్పుడు బల్బు ఆర్పినంతమాత్రమున చాలదు. పెట్టెలో చల్లని కొనయే లేకుండ పోవును, పాము పోవుటకు చోటు లేదు. చలికి కొన్నాళ్ళు ఓర్చు పాము ఈ వేడికి గంటలలో చచ్చును. ఏసీ వేయవచ్చును, కాని ఏసీ తేమను లాగివేయును. మా తాతలనాటి ఉపాయమే మాకు పనికివచ్చెను. కుమ్మరివద్ద కాల్చిన, నునుపు పూయని మట్టికుండ నొకదానిని తెచ్చి, మూతివైపు పగులగొట్టి, అంచులు అరగదీసి, చల్లని కొనను బోర్లించితిమి. ఉదయము, సాయంకాలము పైన నీళ్ళు చిలుకరింతుము. కుండ చెమర్చి ఆఱుచు లోపలి గాలిని మూడు నాలుగు డిగ్రీలు చల్లార్చుచున్నది, తేమయు నిచ్చుచున్నది. గాలి ఎండియుండు ఏప్రిలు, మే నెలలలోనే ఇది బాగుగ పనిచేయును. వానకాలమున అంతగా చేయదు, అప్పుడు అవసరమును లేదు. కరెంటు పోయిన వేళకు పెట్టెయున్న గది పంకాను ఇన్వర్టరునకు కలిపించితిమి. నీటి సీసాలు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పెట్టెపై నుంచుటయు అత్యవసరమున అక్కఱకు వచ్చును.

తేమ నూటికి 60 మొదలు 75 వఱకు ఉండవలెను. కన్నుతో దీనిని కనిపెట్టలేము. తేమను కొలుచు హైగ్రోమీటరు, రెండు కొనలకు రెండు థర్మామీటర్లు కొనుడు, గోడకు అంటించు ముల్లు గడియారముల వంటివి నమ్మకుడు. నేలకు కొబ్బరిపీచు పొట్టు నాలుగంగుళముల మందమున పరచితిమి. నర్సరీలలో దిమ్మలుగా అమ్ముదురు. ఒకటి రెండు మార్లు కడిగి ఉప్పు పోగొట్టి, పిండి, ఆరవేసి పరవవలెను. పైపొర పొడిగను, అడుగుపొర చెమ్మగను ఉన్నచో మేలు. పైన తడి నిలిచినచో పొట్ట పొలుసులు చివుకును. దేవదారు, పైను కఱ్ఱల పొట్టు పనికిరాదు, వాని నూనెలు పాముకు విషము. క్రొత్తగా తెచ్చిన పామునకు మొదటి నెల మాత్రము తెల్లకాగితమే పరచుట మంచిది. పొలుసుల నడుమ పురుగులున్నచో కాగితముపై నల్లచుక్కలుగా కనబడును. దోమల మందు, చీమల మందు ఆ గదిలో కొట్టరాదు. మా పనిమనిషికి ఇది చెప్పి ఒప్పించుటకు నాకు ఒక నెల పట్టినది.

చాటులు రెండు. వెచ్చని కొనకు ఒకటి, చల్లని కొనకు ఒకటి. ఒక్కటే యున్నచో పాము వేడికిని భద్రతకును నడుమ ఒకటి ఎన్నుకొనవలసివచ్చును. అది ఎప్పుడును భద్రతనే ఎన్నుకొని, చలికి జీర్ణముగాని ఆహారముతో జబ్బుపడును. చాటు పాము చుట్టుకొని ఇమిడినంత ఇఱుకుగా నుండవలెను. మునుగుటకు చాలిన బరువైన నీటిపళ్ళెము, ఎక్కుటకు గట్టి కొమ్మ ఒకటి. నేలపాము కొమ్మ యెక్కునా యని నేను నవ్వితిని. రాత్రి పదిగంటలకు ఎక్కుచున్నది.

క్రొత్త ఇంట చేర్చిన పిమ్మట వారము దినములు దానిని తాకలేదు, చూడలేదు. పెట్టెపై ఒక దుప్పటి కప్పితిమి. ఎనిమిదవనాటి రాత్రి, చంపి గడ్డకట్టించిన చిట్టెలుకను కరగించి వెచ్చజేసి పట్టకారుతో చూపగా, రెప్పపాటున పట్టెను. బ్రతికిన ఎలుకను లోపల వదలుట ఎలుకకును హింస, దాని పంటికి పామునకును హాని. ఎలుక పాము నడిమి లావును మించరాదు. తిన్న పిదప రెండు దినములు తాకరాదు. ఎలుకలను వంటింటి ఫ్రిజ్జులో నుంచుటకు మా ఇల్లాలు అంగీకరింపక, వేఱొక చిన్న ఫ్రిజ్జు కొనిపించినది. ఆమె న్యాయమే నాకు తోచినది. పామును తాకిన ప్రతిసారియు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను, సాల్మొనెల్లా అను క్రిమి వాని ఒంటిపై నుండవచ్చును. అయిదేండ్లలోపు పిల్లలచేతికి ఈయరాదు.

కొనబోవువారు ఒక లెక్క వేసికొనుడు. ఈ జాతి సామాన్యముగా ఇరువది, ముప్పదియేండ్లు బ్రతుకును. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుశాలలో 1961లో చేరిన ఒక బాల్ పైథాన్ 2020 జూలైలో, అరువది రెండేండ్లకు తక్కువకాని వయసున, ఏడు గ్రుడ్లు పెట్టినది. మా మనుమనికి వచ్చే యేడు విదేశమున ఉద్యోగమట. నాకు డెబ్బదియొకటి. పామును ఎవరి పేరికి మార్పవలెనో ఆ దరఖాస్తు సంగతి మేమిప్పుడు మాటలాడుకొనుచున్నాము. ప్రస్తుతము కుండపై నీళ్ళు చల్లునది నేనే. మొన్న బుధవారము తెల్లవారుజామున చూడగా కుబుసము కుండ అంచున, లోపలివైపు వెలికి తిరగబడిన మేజోడువలె, ఒకటే తొడుగుగా పడియున్నది. దీపము దగ్గఱ పట్టి తలవైపు వెదకితిని. రెండు కంటిపొరలును దానిలోనే యున్నవి.