కాళ్లు కరిచే నార్మన్

రేడియోలో ఫుట్‌బాలు వ్యాఖ్యానము వినే అలవాటున్న వారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. గోలు వేసినవాని పేరు వ్యాఖ్యాత నోట పదిసార్లు పలుకుతుంది. గోలు పడకుండ ఆపినవాని పేరు ఒక్కసారి వినిపించి, మరుక్షణమే ప్రేక్షకుల హోరులో కలిసిపోతుంది. అతడు పొరపాటు చేసిన దినమున మాత్రము ఆ పేరు దేశమంతట మారుమ్రోగుతుంది. ఇంగ్లండుకు చెందిన నార్మన్ హంటర్ అనే రక్షకుని కథ ఇటువంటిదే. ఆయన కథ చెప్పుటకు ముందు ఆయన చేసిన పని ఏమిటో చెప్పవలసి ఉన్నది.

ఎదుటి ఆటగాని పాదముల వద్ద ఉన్న బంతిని తన కాలితో తీసుకొనుటకు ఆ ఆటలో టాకిల్ అని పేరు. మన చెడుగుడులో కూతకు వచ్చినవాని నడుము పట్టినా, కాలు పట్టినా అది ఆటలో భాగమే. ఫుట్‌బాలులో అలా కాదు. కాలు మొదట బంతిని తాకవలెను. బంతికంటె ముందు ఎదుటివాని చీలమండ తగిలిందా, అది తప్పు. ఆ తప్పు తమ గోలు ముందరి గీతల లోపల జరిగిందా, ఎదుటి పక్షమునకు పన్నెండు గజముల దూరము నుండి గోలులోకి సూటిగా తన్నే అవకాశము లభిస్తుంది. మధ్యన గోలుకీపరు తప్ప మరెవ్వరూ ఉండరు. కనుక టాకిల్ చేయువాడు రెప్పపాటులో మూడు లెక్కలు కట్టుకొనవలెను: బంతి ఎంత దూరమున ఉన్నది, ఎదుటివాని బరువు ఏ కాలిమీద ఉన్నది, తన కాలు అక్కడికి చేరేలోపల ఆ బంతి ఎటు కదలును? లెక్క సరిపోతే ఎదుటివాడు ఖాళీ కాళ్లతో ముందుకు పరుగెత్తిపోతాడు. తప్పితే ఇద్దరిలో ఒకరు నేలమీద పడి మూలుగుతారు.

ఇంగ్లండులో ఈ ఆట ఆగస్టులో ప్రారంభమై చలికాలమంతయు సాగి మే నెలలో ముగుస్తుంది. హంటర్ ఆడిన కాలములో జనవరి, ఫిబ్రవరి మాసములలో ఆ మైదానములు వరి నాటుకు దమ్ము చేసిన మళ్లవలె ఉండేవి. ఆ బురదలో తొడమీద జారుకుంటూ వచ్చి కాలు చాచితే ఎక్కడ ఆగుతామో ఎవరికీ తెలియదు. ఆనాటి నిర్ణేతలు సైతము ఇప్పటివారివలె కఠినులు కారు. పసుపుపచ్చ, ఎర్ర కార్డులు ప్రపంచ పోటీలలో మొదట ప్రవేశపెట్టినది 1970లో. ఇంగ్లండు లీగులోనికి అవి వచ్చినది 1976లో. వెనుకనుండి ప్రమాదకరముగా కాళ్లమీదికి దూకినవానిని బయటకు పంపివేయవలెనన్న కట్టుబాటు 1998 నాటి ప్రపంచ పోటీలతో గట్టిపడినది. ఇది చెప్పుట హంటర్‌ను వెనుకవేసుకొని వచ్చుటకు కాదు. ఆయన కాలి దెబ్బకు బాధపడినవారు చాలమంది ఉన్నారు. అయితే ఆయన ఆడిన ఆటకు ఆనాటి కొలతలు వేరు.

నార్మన్ హంటర్ 1943 అక్టోబరు 29న ఇంగ్లండు ఈశాన్య ప్రాంతమున గేట్స్‌హెడ్ సమీపములోని ఏటన్ బ్యాంక్స్ అనే గ్రామంలో జన్మించినాడు. అది బొగ్గుగనుల సీమ. పదునైదవ ఏట లీడ్స్ యునైటెడ్ సంఘములో చేరినాడు. లీడ్స్ ఉన్ని బట్టలకు పేరుపొందిన పట్టణమే కాని, ఆనాడు ఫుట్‌బాలులో దానికి చెప్పుకోదగిన ప్రతిష్ఠ లేదు. ఆ సంఘము రెండవ శ్రేణిలో కొట్టుకులాడుచుండగా 1961లో డాన్ రెవీ దాని నిర్వాహకుడైనాడు. పెద్ద పేరున్న ఆటగాండ్రను కొనుటకు ధనము లేక, ఆయన తన దగ్గరి కుర్రవాండ్రనే నమ్ముకున్నాడు. 1962 సెప్టెంబరులో స్వాన్సీ జట్టుతో జరిగిన ఆటలో హంటర్‌ను మొదటిసారి దింపినాడు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు ఇంకా నిండలేదు. అది మొదలు పదునాలుగు సంవత్సరములు ఆ స్థానము ఆయనదే. లీడ్స్ పక్షమున ఆడిన ఆటలు 726.

పక్కన నిలిచినవాడు జాక్ చార్ల్‌టన్. పొడగరి, మాటకారి, గాలిలో వచ్చే బంతులన్నీ ఆయన తలకే. నేలమీద వచ్చేవన్నీ హంటర్ కాలికి. ఈ జంట దాదాపు పది సంవత్సరములు చెదరలేదు. 1964లో లీడ్స్ మొదటి శ్రేణికి ఎక్కినది. 1968–69లో నలువది రెండు లీగు ఆటలలో రెండింటిలో మాత్రమే ఓడి మొదటిసారి విజేత అయినది. ఆ సంవత్సరము మొత్తము మీద ఎదుటివారు వేయగలిగిన గోళ్లు ఇరువదియారు. ఈ చివరి అంకెను పాఠకులు ఒకసారి నిలిచి చూడవలెనని మా కోరిక. గోలు వేసినవారి లెక్క పత్రికలలో ఉంటుంది. వేయనీయనివారి లెక్క ఇటువంటి ఒక్క అంకెలో దాగి ఉంటుంది.

ఆయన బిరుదు పుట్టినది 1972 మే నెలలో. ఆర్సెనల్ జట్టుతో వెంబ్లీలో జరిగిన కప్పు అంతిమ పోటీకి లీడ్స్ అభిమానులు ఒక బట్ట పలక పట్టుకొని వచ్చినారు. నార్మన్ మీ కాళ్లు కరుస్తాడని దానిమీద వ్రాసినారు. ఆ మాట ఆయనను కడదాక వదలలేదు. అదే దినమున జరిగిన మరియొక సంగతిని మాత్రము అంతగా ఎవరూ తలచరు. ఆలన్ క్లార్క్ వేసిన ఒకే ఒక గోలుతో లీడ్స్ గెలిచినది. ఆ గోలుకు బంతి అందించిన మిక్ జోన్స్ ఆట చివరి నిమిషమున పడి మోచేయి తొలగించుకున్నాడు. తక్కినవారు రాణిగారి చేతుల మీదుగా పతకములు తీసుకొని దిగిపోయినారు. జోన్స్ కట్టు కట్టిన చేతితో, నొప్పితో ఆ మెట్లెక్కుచుండగా, తన పతకము అప్పటికే పుచ్చుకొనియున్న హంటర్ తిరిగి వచ్చి అతనిని పట్టుకొని నడిపించినాడు. కాళ్లు కరిచేవాడు అనిపించుకున్న మనిషి ఈతడే.

ఇంగ్లండు జాతీయ జట్టులో మాత్రము ఆయనది నీడపట్టు బ్రదుకు. ఆయన ఆడే స్థానములోనే బాబీ మూర్ ఉన్నాడు. మూర్ జట్టు నాయకుడు. 1966లో ఇంగ్లండు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఇరువది ఇద్దరితో కూడిన ఆ బృందములో హంటర్ కూడా ఉన్నాడు. కాని ఒక్క ఆట అయినను ఆడలేదు. తన జతగాడు చార్ల్‌టన్ అన్ని ఆటలూ ఆడినాడు. ఆనాటి నియమము ప్రకారము అంతిమ పోటీ ఆడిన పదునొకండుగురికే పతకములు దక్కినవి. జీవితమంతయు ఆడినను ఆయనకు దేశము తరఫున దొరికిన ఆటలు 28, వేసిన గోళ్లు రెండు. ఇతర దేశములలో పుట్టి ఉంటే మూడింతలు ఆడి ఉండేవాడని మా అభిప్రాయము.

1973లో పరిస్థితి మారినది. మరుసటి సంవత్సరపు ప్రపంచ పోటీలకు అర్హత సంపాదించుటకు ఇంగ్లండు, పోలండు, వేల్స్ ఒకే వర్గములో ఉన్నవి. జనవరిలో వేల్స్‌తో వెంబ్లీలో ఆడినప్పుడు ఓటమి తప్పించి ఆటను సమము చేసినది హంటర్ దూరము నుండి కొట్టిన గోలే. జూన్‌లో పోలండులో జరిగిన ఆటలో మూర్ కాలి దగ్గరి బంతి పోయి గోలయినది. ఇంగ్లండు రెండు గోళ్లతో ఓడినది. అక్టోబరు 17న వెంబ్లీలో పోలండుతో చివరి ఆటకు మూర్‌ను పక్కన కూర్చుండబెట్టి, హంటర్‌ను దింపినారు. ఇంగ్లండు గెలువవలెను. సమమైనను పోలండే వెళ్తుంది.

ఆ ఆట విన్నవారు, చూచినవారు నేటికీ తలచుకుంటారు. మొదటి సగమంతయు ఇంగ్లండు ఆటగాండ్రు పోలండు గోలుమీద విరుచుకుపడినారు. పోలండు గోలుకీపరు తొమాషెవ్‌స్కీ చేతులతో, మోకాళ్లతో, ఒడలితో ఆపినాడు. ఇంటర్వెల్ తరువాత కొంతసేపటికి పక్క గీత చెంతకు ఒక బంతి వచ్చినది. అక్కడ హంటర్ ఉన్నాడు. పోలండు ఆటగాడు లాటో మీదికి వచ్చుచున్నాడు. మరే దినమైనను హంటర్ ఆ బంతిని, అవసరమైతే ఆ మనిషిని కూడా, గీత అవతలికి సాగనంపి ఉండేవాడు. కాని జట్టుకు గోలు కావలెను, కాలము జరిగిపోవుచున్నది. బంతిని ఆటలోనే ఉంచవలెనని తలచినాడు. అది కాలి క్రింది నుండి జారిపోయినది. లాటో పరుగెత్తినాడు, డొమార్‌స్కీకి అందించినాడు, డొమార్‌స్కీ కొట్టిన బంతి షిల్టన్ ఒంటి క్రిందుగా గోలులో పడినది. ఆరు నిమిషములలో క్లార్క్ పెనాల్టీతో సమము చేసినాడు గాని, ఆపైన ఎంత కొట్టుకున్నను రెండవ గోలు రాలేదు. ఇంగ్లండు పోటీలకు వెళ్లలేదు. నిర్వాహకుడు సర్ ఆల్ఫ్ రామ్సే 1974లో పదవి కోల్పోయినాడు.

తప్పు హంటర్‌ది. ఆయన దానిని మరియొకరి మీద ఎన్నడూ నెట్టలేదు. అయితే ఆ తొంబది నిమిషములలో పోలండు గోలు ముందు వమ్ము చేసుకున్న అవకాశములు ఎన్ని? అవి పదిమంది మధ్య పంచుకొనబడి మాయమైనవి. రక్షకుని తప్పునకు మాత్రము పంపకము లేదు.

ఇక్కడనే మాకు ఆశ్చర్యము గొలిపే విషయము. అదే ఆటల సంవత్సరమున లీడ్స్ మొదటి ఇరువది తొమ్మిది లీగు ఆటలలో ఓటమి ఎరుగక రెండవసారి విజేత అయినది. అదే సంవత్సరమున వృత్తి ఆటగాండ్ర సంఘమువారు తమలో ఉత్తముని తామే ఓటు వేసి ఎన్నుకొనే పద్ధతి నెలకొల్పినారు. 1974లో ఆ బహుమానము మొట్టమొదట పుచ్చుకున్నవాడు నార్మన్ హంటర్. ఓటు వేసినవారు పత్రికా రచయితలు కారు, అభిమానులు కారు. వారమువారము ఆయనకు ఎదురుపడి ఆయన దెబ్బలు తిన్నవారు. బంతి తీసుకున్న తరువాత ఆయన ఎడమకాలు దానిని ఎంత పొందికగా తనవారికి చేర్చేదో గ్యాలరీలో కూర్చున్నవారికంటె వారికే ఎక్కువ తెలుసును.

ఆయనను దేవునిగా చేయుట మా ఉద్దేశము కాదు. 1975 నవంబరు 1న డెర్బీ మైదానమున ఫ్రాన్సిస్ లీ అనే ఆటగానితో పిడిగుద్దులకు దిగినాడు. లీ పెదవి చిట్లినది. నిర్ణేత ఇద్దరినీ బయటకు పంపితే, పోతూ పోతూ మరల కలియబడినారు. చూడదగిన దృశ్యము కాదు. లీడ్స్‌లో ఒక హాస్యము కూడా ప్రచారములో ఉన్నది: హంటర్ విరిగిన కాలితో ఇంటికి వెళ్లినాడని ఒకడు చెప్పగా, ‘ఎవరి కాలు?’ అని రెండవవాడు అడిగినాడట.

1976లో లీడ్స్ విడిచి బ్రిస్టల్ సిటీకి, అటుపిమ్మట బార్న్‌స్లీకి వెళ్లినాడు. బార్న్‌స్లీ నిర్వాహకుడై 1981లో ఆ జట్టును రెండవ శ్రేణికి ఎక్కించినాడు. ఆ తరువాత ఆయన పట్టిన పని మన శ్రోతలకు ప్రీతి కలిగించును. బి.బి.సి. వారి లీడ్స్ రేడియోలో లీడ్స్ ఆటలకు వ్యాఖ్యాత పక్కన కూర్చుండి, జరిగినదేమిటో విడమరచి చెప్పేవాడు.

1966 నాటి బృందములో ఆడక మిగిలిన వారికి సైతము పతకములు ఇవ్వవలెనని ప్రపంచ ఫుట్‌బాలు సంఘము చివరకు నిర్ణయించినది. 2009 జూన్ 10న లండనులో ప్రధానమంత్రి నివాసమున హంటర్ తన పతకము అందుకున్నాడు. అప్పటికి ఆయనకు అరువదియైదేళ్లు. కప్పు గెలిచి నలువది మూడు సంవత్సరములు.

2020 ఏప్రిల్ 17న కొరోనా వ్యాధితో ఆసుపత్రిలో కన్నుమూసినాడు. వయసు డెబ్బదియారు. జూలై 10న జాక్ చార్ల్‌టన్ కూడా వెళ్లిపోయినాడు. పదునారు సంవత్సరములుగా క్రింది శ్రేణులలో పడియున్న లీడ్స్ తిరిగి ప్రథమ శ్రేణికి చేరుట జూలై 17న ఖాయమైనది. హంటర్ పోయి సరిగా మూడు నెలలు. ఎలండ్ రోడ్ మైదానపు దక్షిణపు గ్యాలరీకి ఆయన పేరు పెట్టినారు. వ్యాధి భయము వలన ఆ నెలలలో అక్కడికి ప్రేక్షకులను రానీయలేదు. కుర్చీలన్నీ ఖాళీగా ఉండగా లీడ్స్ జనము ఇండ్లలోనే కూర్చుండి టెలివిజన్‌లో చూచినారు, రేడియోలో విన్నారు.