వెనక కూర్చునేవాళ్లకీ ఓ నడుముంది!

బైకు కొనేటప్పుడు షోరూంలో అందరం ముందు సీట్లోనే కూర్చుని చూస్తాం. కాళ్లు నేలకు ఆనుతున్నాయా, హ్యాండిలు అందుతోందా అని సరిచూసుకుంటాం. వెనక సీటు సంగతి మాత్రం తొలి దూరప్రయాణంలో గానీ తెలియదు. హైదరాబాద్‌ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. నల్లమల ఘాట్‌ రోడ్డు దాటి గుడికి చేరేసరికి బండి నడిపినవారు హుషారుగానే ఉంటారు. వెనకవారు నడుము పట్టుకుని దిగుతారు. ఎందుకిలా?

ముందున్నవారికి గుంత ముందే కనిపిస్తుంది. ఒంటిని సిద్ధం చేసుకుంటారు, కొంత బరువును చేతుల మీద మోపుతారు. వెనకవారికి ఈ రెండూ కుదరవు. పైగా వారు కూర్చునేది దాదాపు వెనక చక్రానికి పైనే. దీంతో కుదుపులన్నీ వెన్నుపూసల మధ్యనుండే డిస్కుల మీద పడతాయి.

ఏ బండి ఎవరికి?

మోకాళ్ల నొప్పులున్నవారికి ఎక్కి దిగటమే పెద్ద ఇబ్బంది. రాయల్‌ ఎన్‌ఫీల్డ్‌ మీటియార్‌ 350లో రైడర్‌ సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే. కొన్ని రకాలకు వెనక వీపు ఆనించుకునే దిండూ ఉంటుంది. హిమాలయన్‌ 450 సీటు ఎత్తు 825 మి.మీ. పొట్టివారు కాలెత్తి ఎక్కటం కష్టమే. కానీ దీని చక్రాలు 200 మి.మీ. వరకూ పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి గతుకుల రోడ్డు మీద కుదుపులు బాగా తగ్గుతాయి. బజాజ్‌ డామినార్‌ 400కి 2021 నుంచి సామాను క్యారియర్‌, వీపు దిండు కంపెనీయే అమర్చి ఇస్తోంది.

ఏ బండైనా వెనక కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కన్నా బాగా పైకి లేవకూడదు. లేస్తే నడుము గుండ్రంగా వంగిపోయి, డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది.

స్ప్రింగు మార్చారా?

చాలామంది పట్టించుకోనిది ఇదే. ఇద్దరు మనుషులు, సామాను ఎక్కితే వెనక స్ప్రింగులు కుంగుతాయి. ఆపై గుంత వస్తే అవి ఇక కుంగలేక దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది. బండి వెనక్కి వాలటంతో ముందు చక్రం మీద బరువు తగ్గి మలుపుల్లో పట్టు కూడా సడలుతుంది. చాలా బైకుల్లో స్ప్రింగును బిగించే ‘ప్రీలోడ్‌’ సదుపాయం ఉంటుంది. బయల్దేరే ముందు మెకానిక్‌తో ఇద్దరి బరువుకు తగ్గట్టు మార్పించుకోవాలి. టైర్ల గాలి కూడా ఇద్దరికి చెప్పిన లెక్క ప్రకారమే పెట్టించాలి.

చెయిన్‌ వదులైనా వెనకవారికి కుదుపులు తప్పవు. అడవి దారిలో బండి మొరాయిస్తే ఎండలో నిలబడాల్సిందీ ఇద్దరూనూ. కాబట్టి వెళ్లే దారిలో సర్వీసు సెంటర్లున్న బండినే ఎంచుకోవటం మేలు.

దారిలో...

* గంటకోసారి ఆగి, దిగి, అయిదు నిమిషాలు నడవాలి. నీళ్లు తాగాలి.
* బరువైన సంచి వెనకవారి భుజాలకు తగిలించొద్దు. బండికే కట్టాలి.
* ఒకవైపు కూర్చుంటే నడుము మెలిపడుతుంది, ప్రమాదమూ ఎక్కువే. రెండువైపులా కాళ్లేసుకునే కూర్చోవాలి. చున్నీ, చీర కొంగు చక్రంలో పడకుండా చూసుకోవాలి.
* ఇద్దరికీ ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్‌ తప్పనిసరి.
* గర్భిణులు, ఎముకలు గుల్లబారినవారు, ఇటీవల ఆపరేషన్‌ అయినవారు డాక్టరు సలహా లేకుండా దూరప్రయాణం పెట్టుకోవద్దు.

ప్రయాణం తర్వాత నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిర్లు తగ్గకపోయినా డాక్టరుకు చూపించుకోవాలి. కాళ్లు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్త బైకు కొంటున్నారా? షోరూంకు ఇద్దరూ వెళ్లండి. టెస్ట్‌ రైడ్‌ కూడా ఇద్దరూ కలిసే చేయండి. వెనక కూర్చునేవారు ‘సరే’ అన్నాకే డబ్బు కట్టండి.