పాత ఫోను ఎప్పుడు పాతదగును?

అనంతపురము సీమలో తాతలనాటి గొర్రుతో వేరుశనగ విత్తు రైతులు నేటికిని అక్కడక్కడ కనబడుదురు. కఱ్ఱకు చెద పట్టనంతవరకు, అరిగిన కఱ్ఱును కమ్మరి కొలిమిలో సాగగొట్టించుకొన్నంతవరకు, ఆ గొర్రు పనికివచ్చుచునే యుండును. పొరుగు రైతు ట్రాక్టరుతో విత్తినంతమాత్రమున దీని సాలు వంకర పోదు. విత్తనముల సంగతియు ఇంచుమించు ఇంతే. 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 వేరుశనగ రకము, తరువాత ఎన్ని మేలు రకములు వచ్చినను, ఎన్నో దశాబ్దములపాటు ఈ జిల్లా ఎఱ్ఱనేలలను విడువలేదు.

చేతిలోని స్మార్ట్‌ఫోను తీరు వేరు. అద్దము మీద గీత పడకపోయినను, ఏ భాగమును చెడకపోయినను, ఒకనాటి ఉదయము అది పనికిరానిదని తేలవచ్చును. ఫోను మారలేదు; దాని చుట్టునున్న లోకము మారినది. మఱికొన్ని ఫోనులలో నిజముగనే ఒక భాగము ముసలిదగును గాని, ఆ ఒక్క భాగమును మార్చినచో తక్కినదంతయు ఇంకను కొన్నేండ్లు నడచును. ఈ రెంటిని వేరుచేసి తెలిసికొనలేకపోవుటచేతనే కొందరు మంచి ఫోనును పారవేయుదురు. కొందరు పనికిరాని దానిని పట్టుకొని వ్రేలాడుదురు.

పట్టణములలో ఇది వేడుకకు సంబంధించిన విషయము కావచ్చును. కరువు సీమలో ఇది కూలికి సంబంధించినది. ఉమ్మడి అనంతపురము జిల్లా సాలుసరి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కారణముచేతనే 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమునకు నార్పల మండలములోని బండ్లపల్లి ప్రారంభస్థల మైనది. ప్రజల నోట అది 'కరువు పని'. చాలకాలము కూలీల హాజరు కాగితపు మస్టరులో నడచినది. 2021 మే నెలలో హాజరుకై ఒక యాప్ వచ్చినది. 2023 జనవరి 1వ తేదీనుండి దాదాపు అన్ని పనిచోట్ల దానిని తప్పనిసరి చేసిరి. రోజునకు రెండుసార్లు కూలీలను ఫొటో తీయవలెను. తీసిన వేళయు, తీసిన స్థలమును ఆ ఫొటోతోపాటు నమోదు కావలెను. ఫొటో ఎక్కకున్న హాజరు పడదు. హాజరు పడకున్న కూలి చిక్కున బడును. ఎండలో మట్టి తవ్విన యాబదిమంది శ్రమ మేటు చేతిలోని ఒక్క ఫోను మీద ఆధారపడిన దన్నమాట.

కొత్తది కొనుమని చెప్పుట సులభము. 2025-26లో ఆంధ్రప్రదేశమునకు ఈ పథకము క్రింద నిర్ణయించిన రోజుకూలి 307 రూపాయలు. తొమ్మిదివేల రెండువందలు వెలగల ఫోను కొనవలెనన్న ముప్పది రోజుల కూలి కావలెను. నాటి చట్టము ఒక కుటుంబమునకు హామీ యిచ్చినది ఏడాదికి నూరు రోజుల పని. అందులో ఇంచుమించు మూడవవంతు ఒక్క ఫోనునకు పోవును. కాబట్టి పాత ఫోనులో ముసలిదైనది ఏదో ముందు తెలిసికొనుట అవసరము.

అన్నిటికంటె ముందుగా ముసలిదగునది బ్యాటరీ. నేటి ఫోనులన్నిటిలోను లిథియము-అయాను ఘటమే యున్నది. 1991లో దీనిని తొలిసారి అంగడికి తెచ్చిరి. దీని నిర్మాణమునకు మూలమైన పరిశోధనలకు గుడెనఫ్, విట్టింగ్‌హాం, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. ఇందులో ఒక ధ్రువము గ్రాఫైటు పొరలతో, రెండవది కోబాల్టు మొదలగు లోహముల ఆక్సైడుతో చేయబడును. ఛార్జి చేయునపుడు లిథియము అయానులు ఆక్సైడును విడిచి గ్రాఫైటు పొరల నడుమ చేరును. ఫోను వాడునపుడు తిరిగి వచ్చును. ఈ రాకపోకలలో ప్రతిసారి కొంత లిథియము గ్రాఫైటు పైనున్న పలుచని పొరలో చిక్కి మరల బయటపడదు. ఆ పొర క్రమముగా మందమగును. సామాన్యముగా ఐదువందలసార్లు పూర్తిగా నింపి వాడిన పిమ్మట, పాత తరపు ఘటములలో మొదటి శక్తిలో ఎనుబది పాళ్లే మిగులును.

ఇరువది పాళ్లు తగ్గినంతమాత్రమున ఫోను ఉన్నట్టుండి ఆరిపోవుట ఎందుకు? ముప్పది శాతము ఛార్జి చూపుచున్న ఫోను, కెమెరా తెరువగనే నల్లబడుట చాలమంది చూచినదే. ఇది ఓము సూత్రముతో బోధపడును. పొర మందమైన కొలది ఘటముయొక్క అంతర్నిరోధము పెరుగును. కొత్త ఘటములో అది 0.1 ఓము అనుకొందము. కెమెరా, రేడియో ఒకేసారి పనిచేయునపుడు 2 ఆంపియర్ల ప్రవాహము కావలసివచ్చినచో, ఘటము లోపలనే నష్టమగు వోల్టేజి 0.2 వోల్టు. 3.7 వోల్టులలో ఇది పోగా 3.5 మిగులును, ఫోను హాయిగా నడచును. ముసలి ఘటములో అంతర్నిరోధము 0.3 ఓము అయినదనుకొందము. నష్టము 0.6 వోల్టు, మిగిలినది 3.1 మాత్రమే. ఇది చాల ఫోనులకు చాలదు. ఘటములో ఇంకను శక్తి యుండగనే ఫోను నిలిచిపోవును. బావిలో నీరున్నను పూడిన ఊటనుండి మోటారుకు సరిపడ నీరు రాకపోవుట వంటిదే యిది. 2017లో ఆపిల్ సంస్థ, బ్యాటరీ ముసలిదైన కొన్ని ఫోనులు ఇట్లు ఆరిపోకుండుటకై వాటి వేగమును సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గించినట్లు ఒప్పుకొనవలసివచ్చినది. ఫోను మందగించినదని కొత్తది కొన్నవారిలో ఎందరికో కావలసినది కొత్త బ్యాటరీ మాత్రమే!

అనంతపురము ఎండ ఈ ముసలితనమును త్వరపెట్టును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినపుడు రసాయన చర్యల వేగము స్థూలముగా రెండింతలగునని ఇంటరు విద్యార్థులు చదువుదురు. ఏప్రిలు, మే నెలలలో ఇక్కడ నీడలోనే 40 డిగ్రీలు దాటును. గట్టు మీద ఎండలో పెట్టిన నల్లని ఫోను అంతకంటె చాల వేడెక్కును. 45 డిగ్రీలకు పైగా వేడిలో లిథియము ఘటమును ఛార్జి చేయుట మంచిది కాదు. ఫోనును చెట్టు నీడను, తువాలులో చుట్టి ఉంచుట, మిట్టమధ్యాహ్నము రేకుల కొట్టములో ఛార్జి పెట్టకుండుట – ఇవి పైసా ఖర్చు లేని ఉపాయములు. నూరు పాళ్లు నింపి వేడిలో ఉంచుట అన్నిటికంటె చెఱుపు.

లోపలి జ్ఞాపకశక్తి భాగము, అనగా ఫొటోలు, యాప్‌లు నిలువయుండు చిప్పు, కూడ అరుగును గాని దాని గూర్చి అంత దిగులు అక్కరలేదు. అది నిండిపోయినపుడు మాత్రము క్రొత్తగా వ్రాయుటకు చోటు వెదకుకొనుచు ఫోను నత్తనడక నడచును. పెండ్లి వీడియోలను వేరొకచోట దాచి, నాలుగవవంతు ఖాళీ చేసి చూచుట మంచిది.

ఇక ఏ కమ్మరియు బాగుచేయలేని ముసలితనము సాఫ్ట్‌వేర్‌ది. ఆండ్రాయిడ్ వంటి నిర్వాహక వ్యవస్థ ఏటేట మారుచుండును. యాప్‌లు చేయువారు కొంతకాలము తరువాత పాత రూపములను విడిచిపెట్టుదురు. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 గల ఫోనులలో 2025 జనవరి 1వ తేదీనుండి వాట్సాప్ నడచుట మానినది. అంతకంటె సూక్ష్మమైన ముప్పు భద్రతకు సంబంధించినది. 2015లో ఆండ్రాయిడ్‌లో ఒక లోపము బయటపడినది. ఒక్క చిత్ర సందేశము పంపి ఫోనును వశము చేసికొనుట దానివలన సాధ్యమయ్యెను. ఆ ఏటి ఆగస్టునుండి గూగుల్ సంస్థ నెలనెల భద్రతా సవరణలను ప్రకటించుట ఆరంభించినది. ఈ సవరణలు అందుట నిలిచిన ఫోను, గొళ్లెము విఱిగిన ఇంటి వంటిది. అందులో పాటలు వినవచ్చును, ఫొటోలు తీయవచ్చును. కాని బ్యాంకు ఖాతాను దానికి అప్పగించరాదు. ఈ విషయములో మొగమోటము పనికిరాదు.

ఫోనునకు సంబంధించిన మఱొక గడువు చాలమందికి తెలియదు. ఫోను ఏదైన వెబ్‌సైటుతో మాటాడునపుడు, అవతలివారు నిజముగ వారేనా అని ఒక ధ్రువపత్రము చూచి తెలిసికొనును. ఆ పత్రము మీది ముద్ర నమ్మదగినదో కాదో తేల్చుటకు, కొన్ని మూల ముద్రల నమూనాలు ఫోను తయారైననాడే దానిలో ఉంచబడును. పాత కరణము సంతకము మాత్రమే ఎఱిగిన తలారి, కొత్త కరణము వ్రాసిన చీటీని త్రిప్పిపంపును గదా! అట్లే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ లక్షలాది వెబ్‌సైటులకు ఉచితముగ పత్రములిచ్చుచున్నది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటె పాత ఫోనులకు ఆ సంస్థ సొంత ముద్ర తెలియదు. అవి నమ్ముచుండిన వేరొక ముద్ర గడువు 2021 సెప్టెంబరు 30తో తీరినది. 2020 చివర ఆండ్రాయిడ్ ఫోనులలో ఇంచుమించు మూడవవంతు ఇట్టివే. అన్నియు ఒక్కనాటితో చాల వెబ్‌సైటులను త్రోసిపుచ్చవలసినవే. చిత్రమేమనగా, మూల ముద్ర గడువును ఆ పాత ఆండ్రాయిడ్‌లు పట్టించుకొనవు. ఆ అజాగ్రత్తనే ఆసరాగా గొని, పాత ముద్రతోనే మఱొక పత్రమును పుట్టించి మఱి మూడేండ్లు గడిపిరి. 2024తో ఆ వెసులుబాటు ముగిసినది. ఇట్టి ఫోనులలో తమ ముద్రల పట్టికను తామే వెంట తెచ్చుకొను బ్రౌజరు యాప్ వాడినచో కొంత మేలు.

తరంగముల సంగతి మఱియొకటి. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో వచ్చినపుడు దాని జాలములో 2జి, 3జి లేనే లేవు. మాటలు కూడ 4జి ద్వారానే పోవలెను. ఆ ఏర్పాటు లేని 4జి ఫోనులలో ఇంటర్నెట్ వచ్చినను, మామూలుగా మాటాడుటకు వీలు లేకపోయినది. 2020లో ఎయిర్‌టెల్ తన 3జి జాలమును మూసివేసినది. 3జి వరకు మాత్రమే గల ఫోను ఆనాటితో ఆ జాలములో 2జి మెట్టుకు దిగిపోయినది. దానిలో ఏ తీగయు తెగలేదు.

పౌనఃపున్యము తక్కువైనకొలది తరంగము దూరము సాగును. గుట్టలను, గోడలను మఱికొంత తేలికగా దాటును. 850 మెగాహెర్ట్జుల తరంగ దైర్ఘ్యము 35 సెంటీమీటర్లు. 5జి వాడు 3500 మెగాహెర్ట్జులది 9 సెంటీమీటర్లకు లోపు. టవరునకు దూరముగా గుట్టల నడుమనున్న పల్లెకు మొదటిదే మేలు. బి.యస్.ఎన్.ఎల్. 2025 సెప్టెంబరు 27న స్వదేశీ 4జి జాలమును ప్రారంభించినది. ఆ సంస్థకు కేటాయించిన పట్టీలలో 700 మెగాహెర్ట్జులది ఒకటి. చాల పాత ఫోనులలో ఈ పట్టీని అందుకొను ఏర్పాటు లేదు. కావున పనిచోట సంకేతము అందనపుడు ఊరిలో కొత్త ఫోను ఒకటి అడిగి తెచ్చి, అదే సిమ్ము వేసి, అదే గట్టు మీద చూడవలెను. దానికిని అందకున్న దోషము టవరుది. తొమ్మిదివేలు పోసినను ఫలము లేదు.

స్థలము తెలుపు పనిలో మాత్రము పాత ఫోనును చిన్నచూపు చూడరాదు. ఆకాశము విశాలముగా కనబడుచోట సామాన్యమైన జి.పి.యస్. గ్రాహకము సుమారు ఐదు మీటర్లలో స్థలమును గుర్తించును. మన దేశపు నావిక్ ఉపగ్రహములలో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోటనుండి ఎగసినది. కొన్ని కొత్త ఫోనులు వాని సంకేతములను గూడ గ్రహించుచున్నవి. ఎత్తైన మేడల నడుమ ఈ అదనపు ఉపగ్రహములు అక్కరకు వచ్చును. అనంతపురము పొలములలో ఆకాశమునకు అడ్డమేమున్నది? చెరువు పూడిక తీయుచోట ఐదు మీటర్ల తేడా లెక్కలోనిది కాదు.

ఇప్పుడొక మేటు చేతిలో 2018 నాటి, ఆండ్రాయిడ్ 8 గల, 4జి ఫోను ఉన్నదనుకొందము. కెమెరా తెరువగనే అది ఆరిపోవుచున్నది. దానికి ముద్రల చిక్కు లేదు, జాలముల చిక్కు లేదు, స్థలము సరిగానే చూపుచున్నది. కొన్ని వందల రూపాయలతో బ్యాటరీ మార్చి, నిలువ ఖాళీ చేసినచో, హాజరు యాప్ ఆ ఆండ్రాయిడ్‌ను అంగీకరించునంతకాలము అది చాలును. ఐతే భద్రతా సవరణలు నిలిచి యుండును గనుక, డబ్బు చెల్లింపులు దానిలో పెట్టుకొనరాదు. అదే ఆండ్రాయిడ్ 5 గల 3జి ఫోనైనచో బ్యాటరీ మార్చుట దండుగ.

కొత్తది కొనవలసివచ్చినపుడు అంగడివారు కెమెరా మెగాపిక్సెళ్లను గూర్చి చెప్పుదురు. అడుగవలసినది, భద్రతా సవరణలు ఏ సంవత్సరము వరకు వచ్చునని. 2023 అక్టోబరులో గూగుల్, 2024లో శాంసంగ్ తమ ఖరీదైన కొన్ని ఫోనులకు ఏడేండ్లు ఇత్తుమని ప్రకటించిరి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20నుండి అమలులోనున్న నియమముల ప్రకారము, ఎనిమిదివందలసార్లు నింపి వాడిన పిమ్మటగూడ బ్యాటరీలో ఎనుబది పాళ్లు శక్తి నిలువవలెను; ఒక రకము అమ్మకము నిలిచిన తరువాత కనీసము ఐదేండ్లు సవరణలు ఇయ్యవలెను. చౌక ఫోనులకు ఇట్టి హామీ మన అంగళ్లలో అరుదు. వానిని కొనువారికే అది ఎక్కువ అవసరము.

పాత ఫోనును చెత్తకుండీలో వేయుట మాత్రము తగదు. ఒక్కొక్క ఫోనులో సుమారు 0.03 గ్రాము బంగారముండును. టన్ను ఫోనులలో ఇది నూటయాబది గ్రాములకు మించును. ఒకప్పుడు బంగారు గనులు నడచిన రామగిరి ఈ సీమలోనిదే. అట్టి గనులలో టన్ను రాతినుండి కొలది గ్రాములు వచ్చినచో గొప్ప.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఇంటిలోని ఫోనులను ఇట్లు పరీక్షింపవచ్చును. సెట్టింగులలో ఆండ్రాయిడ్ సంఖ్యను, చివరి భద్రతా సవరణ తేదీని వ్రాసికొనవలెను. ఫోనును పూర్తిగా నింపి, తెర వెలుగును సగమునకుంచి, నిలువలోనున్న ఒకే వీడియోను గంటసేపు నడిపి ఎన్ని పాళ్లు తగ్గినదో చూడవలెను. ఇదే పరీక్షను తెల్లవారుజామున ఒకమారు, ఎండవేళ ఇంటి నీడలో ఒకమారు చేసి, రెండు అంకెలను పోల్చవలెను. బ్యాటరీ ఉబ్బి ఫోను వీపు లేచినట్లు కనబడినచో పరీక్ష మాని, దానిని గుచ్చక, నొక్కక, ఛార్జి పెట్టక, బాగుచేయువాని వద్దకు చేర్చవలెను.