ఘాట్ రోడ్డు ప్రయాణం – పాదాల నొప్పి

వేసవి వచ్చిందంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కుటుంబాలకు ముందుగా గుర్తుకు వచ్చే చల్లని చోటు హార్స్లీ హిల్స్. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండకు అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పంతొమ్మిదవ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్లీ దొర ఇక్కడ విడిది ఇల్లు కట్టుకోవడంతో ఆయన పేరే స్థిరపడిపోయింది. ఉదయం బయలుదేరి, గాలి బండ మీద కాసేపు కూర్చుని, సాయంత్రానికి మదనపల్లె చేరుకోవచ్చు. వెనుక సీటులో కూర్చున్నవారికి అది విహారం. కారు నడిపిన ఇంటి యజమానికి మాత్రం మరునాడు ఉదయం మంచం దిగి మడమ నేలపై మోపగానే సూది గుచ్చినట్లు నొప్పి!

కొన్నేళ్ళ క్రితం ఈ వ్యాసకర్తకు కొండ దిగుతున్నప్పుడే ఆ అనుభవం ఎదురయింది. సగం దూరం బ్రేకు మీద అదిమిపెట్టిన కుడి పాదం మొదట లాగింది, తరువాత మంట పుట్టింది, చివరకు తిమ్మిరెక్కింది. ఒక మలుపు వద్ద నా పాదం బ్రేకు మీద ఉన్నదో, యాక్సిలరేటరు మీద ఉన్నదో తల వంచి చూసుకుంటే తప్ప తెలియలేదు. కారులో పిల్లలు ఉన్నారు. విశాలమైన చోటు చూసి బండి ఆపి, పావుగంట సేపు అటూ ఇటూ నడిచాక గాని స్పర్శ తిరిగి రాలేదు. ఇల్లు చేరి కాళ్ళకు నూనె రాసుకుంటే సరిపోతుందని మనం తేలికగా తీసుకునే ఈ నొప్పి, ఘాట్ రోడ్డు మీద ప్రాణాలకు సంబంధించిన విషయమని ఆనాడు బోధపడింది.

నడిచేటప్పుడు పాదం లేస్తుంది, వాలుతుంది. అడుగడుగునా పిక్క కండరం బిగిసి సడలుతూ రక్తాన్ని పైకి తోస్తుంది. కారు నడిపేటప్పుడు ఈ కదలిక చాలావరకు ఆగిపోతుంది. మడమ ఒకేచోట ఆని ఉంటుంది, పాదం గాలిలో సగం లేచి నిలబడుతుంది. మోకాలి కింద ముందు భాగపు కండరం గంటల తరబడి బిగుసుకుని ఉంటుంది. మడమ ఎముక నుండి వేళ్ళ మొదళ్ళ వరకు అరికాలి అడుగున వింటినారి వలె బిగించి ఉండే గట్టి పట్టీ మీద ఒత్తిడి పడుతుంది. కొండ ఎక్కేటప్పుడు క్లచ్ మీది ఎడమ పాదానికీ, దిగేటప్పుడు బ్రేకు మీది కుడి పాదానికీ ఈ శ్రమ రెట్టింపవుతుంది.

ఆయుర్వేదానికి ఈ బాధ కొత్త కాదు. సుశ్రుతుడు నిదానస్థానంలో వాతవ్యాధులను వివరిస్తూ, పాదాన్ని విషమంగా, అంటే సరికాని తీరులో మోపడం వలన వాతం ప్రకోపించి మడమ, చీలమండ ప్రాంతంలో కలిగే నొప్పిని ‘వాతకంటకం’ అన్నాడు. ముల్లు గుచ్చినట్లు ఉంటుంది గనుక ఆ పేరు చక్కగా అమరింది. పాదాలలో తిమ్మిరి, జలదరింపు కలిగితే ‘పాదహర్షం’, మంటగా ఉంటే ‘పాదదాహం’ అని వేరువేరుగా చెప్పారు. ఆనాడు కార్లు లేవు గాని, కారణం మాత్రం అదే. పాదం ఉండవలసిన తీరులో లేకపోవడం.

కనుక చికిత్స నూనె గిన్నెతో కాదు, కారు సీటుతో ప్రారంభం కావాలి. క్లచ్‌ను పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండేటట్లు సీటును ముందుకు జరుపుకోవాలి. సీటు దూరంగా ఉంటే మునివేళ్ళతో పెడలును అందుకోవలసి వచ్చి, పిక్కలు పట్టేస్తాయి. మడమ నేలపై నిలకడగా ఆనాలి. హవాయి చెప్పులు, ఎత్తు మడమల చెప్పులు పనికిరావు. పెడలు స్పర్శ తెలిసేటంత పలుచని అడుగుతో, మడమను పట్టి ఉంచే బూట్లు మేలు. గేరు మార్చిన తరువాత ఎడమ పాదాన్ని క్లచ్ మీద ఊరికే ఆనించి ఉంచే అలవాటు చాలామందికి ఉంటుంది. అది పాదానికీ చేటు, క్లచ్‌కూ చేటు.

అన్నింటికన్నా ముఖ్యమైనది గేరు. ఏ గేరులో కొండ ఎక్కామో అదే గేరులో దిగాలని మన పాత డ్రైవర్లు చెబుతుంటారు. తక్కువ గేరులో ఇంజనే బండి వేగాన్ని పట్టి ఉంచుతుంది. బ్రేకు వేడెక్కదు, పాదానికి నిరంతర శ్రమ ఉండదు. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించేవారు తమ కాలి బలం మీదనే కుటుంబం బరువంతా మోస్తున్నారని గ్రహించాలి.

కుప్పం వైపు నుండి వచ్చేవారు పలమనేరులో ఒకసారి, పుంగనూరులో ఒకసారి, కొండ ఎక్కే ముందు మరొకసారి ఆగడం మంచిది. దిగి పది నిమిషాలు నడిచి, మునివేళ్ళ మీద లేచి దిగడం ఇరవైసార్లు చేస్తే పిక్కలలో నిలిచిన రక్తం కదులుతుంది.

ఇక ఇంటి వైద్యం. చరక సంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయంలో పాదాభ్యంగం వలన పాదాల బిరుసుతనం, బిగుసుకుపోవడం, అలసట, తిమ్మిరి తగ్గుతాయని ఉన్నది. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెను అరికాలికి రాసి, బొటనవేలితో మడమ నుండి వేళ్ళ వైపు పది నిమిషాలు మృదువుగా మర్దన చేయాలి. వావిలాకు దొరికే ఊళ్ళలో దాని రసం నాలుగు పాళ్ళు, నువ్వుల నూనె ఒక పాలు కలిపి సన్నని సెగ మీద నీరు ఇగిరే వరకు కాచుకుంటే మరింత గుణం. నూనెలో వత్తిని ముంచి వెలిగించినప్పుడు చిటపటలాడకుంటే పాకం కుదిరినట్లు. కాచే ఓపిక లేనివారు అంగడిలో దొరికే మహానారాయణ తైలం వాడుకోవచ్చు. ఉదయం కాళ్ళు శుభ్రంగా కడుగుకొని గాని స్టీరింగు ముందు కూర్చోకూడదు. నూనె పాదం పెడలు మీద జారుతుంది.

మంచం దిగక ముందే కాలివేళ్ళను చేతితో మోకాలి వైపు లాగి పదిసార్లు పట్టి వదిలితే, ఉదయపు తొలి అడుగు నొప్పి చాలావరకు తగ్గుతుంది. ఈ ఒక్క పనికి ఖర్చు లేదు, కనుకనే ఎవరూ చేయరు! వేడిచేసిన జిల్లేడు ఆకును మడమకు కట్టడం మన పల్లెలలో ఉన్నదే గాని, దాని పాలు కంటిలో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలున్న ఇంట ఉప్పు మూట కాపడమే క్షేమం.

అయితే ఈ కాపడం, ఈ మర్దన కూడా అందరికీ పనికిరావు. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారి పాదాలలో స్పర్శ క్రమంగా నశిస్తుంది. వేడి ఎంత ఉన్నదో కాలికి తెలియదు. బొబ్బలెక్కిన సంగతి మరునాడు చూసుకుంటే గాని తెలియక, పుండు పడి, వేలు తీసివేయవలసినంత వరకు పోవచ్చు. వారు వేడి కాపడం జోలికి పోకుండా, రోజూ అరికాళ్ళు పరీక్షించుకోవాలి. పెడలు తెలియని పాదంతో, వైద్యుని సలహా తీసుకోనిదే, కారు నడపకూడదు.

దూర ప్రయాణం తరువాత ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది అలసట కాకపోవచ్చు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అట్టి కాలిని మర్దన చేయరాదు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి; ఆయాసం, గుండెలో నొప్పి కూడా ఉంటే క్షణం ఆగకూడదు. మామూలు మడమ నొప్పి అయినా మూడు, నాలుగు వారాలలో తగ్గకుంటే వైద్యునికి చూపించుకోవడం మంచిది.

మేము ఆ తరువాత కూడా హార్స్లీ హిల్స్‌కు వెళ్ళాము. దిగేటప్పుడు బండి రెండవ గేరులోనే ఉంటుంది. ఆనాడు ఆగిన చోట ఇప్పుడు ఏమీ కాకపోయినా ఆగుతాము. పిల్లలు నీలగిరి చెట్ల కింద ఆకులు ఏరుకుంటారు, నేను చెప్పులు విడిచి నడుస్తాను.