నక్షత్రాలు కొనకండి... సంపాదించండి!

'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదట్లో హాళ్ళలో జనం పల్చగానే ఉన్నారు. పెద్ద తారలు లేని ఆ చిత్రాన్ని నిలబెట్టింది చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పిన మాట! ఆ మాటే ఇప్పుడు సెల్ ఫోనులోకెక్కి అయిదు నక్షత్రాలైంది. కొత్త ఊళ్ళో హాలు వెతికే కుర్రాడు ముందు చూసేది వాటినే. మల్టీప్లెక్సుల పోటీకి నలిగిపోతున్న మామూలు థియేటర్లకు ఇది చావుబతుకుల సంగతి.

చిన్న పట్నంలోని ఒక హాలు మేనేజరుగారు "అయిదు నక్షత్రాలు వేస్తే కూల్ డ్రింకు ఫ్రీ అని బోర్డు పెట్టేద్దామా సార్?" అన్నారు. వద్దంటే వద్దన్నాను! బహుమతి చూపి రాయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే ఆ సమీక్షలు ఎగిరిపోతాయి. మెచ్చుకున్నవాళ్ళనే ఏరి అడగడమూ కూడదు. ఇలాంటి సమీక్షలకు మన దేశంలో 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం కూడా వచ్చింది.

మరేం చెయ్యాలంటారా? ఆట వదిలే గేటు దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి, అందర్నీ ఒకేలా అడగాలి. "బాత్రూములు కంపు" అని ఎవరైనా రాస్తే పోట్లాడక, ముందు కడిగించాలి. తర్వాత "కడిగించామండీ, మళ్ళీ రండి" అని అక్కడే జవాబివ్వాలి. తిట్టినవాడు మళ్ళీ వచ్చి చూసి, తన మాట తనే దిద్దుకునే వీలుంది.

ఇక మీరు, కుర్రకారు మిత్రులారా! సినిమా మీది కోపం హాలు మీద చూపకండి. తెర, సౌండు, సీట్లు, క్యాంటీను... వీటికి వెయ్యండి మార్కులు. నచ్చినవాళ్ళు నోరు మెదపకుండా ఇంటికి పోతే, నచ్చనివాళ్ళ మాటే మిగుల్తుంది మరి!