కడప నుంచి హైదరాబాదుకు: ఒక ప్రొపెల్లర్ విమానం కథ

కడప విమానాశ్రయం నుంచి శంషాబాదుకు ఆకాశమార్గాన దూరం సుమారు 305 కిలోమీటర్లు. భూగోళంపై రెండు స్థలాలను కలిపే అతి చిన్న దారిని, అంటే భూకేంద్రాన్నే తన కేంద్రంగా గల మహావృత్తంలోని చాపాన్ని, కొలిస్తే వచ్చే లెక్క ఇది. గంటకు దాదాపు 510 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్ 72 విమానం ఈ దూరాన్ని 36 నిమిషాల్లో దాటాలి గాని, వాస్తవంలో గంట వరకు పడుతుంది. విమానం నిలిచిన చోటి నుంచి కదిలింది మొదలు గమ్యంలో మళ్లీ నిలిచేదాకా గడిచే కాలాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే చేరడం, పైకెక్కడం, దిగడానికి తన వంతు కోసం వేచి ఉండడం అన్నీ ఇందులోకే వస్తాయి. గంటకు 830 కిలోమీటర్లు పోయే జెట్ విమానమైతే ఇదే దూరాన్ని 22 నిమిషాల్లో దాటగలదని కాగితం మీద తేలుతుంది; అయితే ఇంత కొద్ది దూరంలో అది ఎక్కడానికీ దిగడానికే ఎక్కువ దారి వెచ్చిస్తుంది కనుక, మిగిలే నిమిషాలు ఇంకా తగ్గిపోయి, ఇంధనపు ఖర్చు మాత్రం పెరుగుతుంది.

ఈ లెక్కే ఏటీఆర్ పుట్టుకకు మూలం. 1970ల చమురు సంక్షోభాల తరువాత, 1981 నవంబరులో ఫ్రాన్సుకు చెందిన ఏరోస్పాసియాల్, ఇటలీకి చెందిన ఏరితాలియా సంస్థలు కలిసి, చిన్న దూరాలకు తక్కువ ఇంధనంతో నడిచే విమానాన్ని తయారుచేయడానికి ఒప్పందం చేసుకున్నాయి. మొదట ఏటీఆర్ 42 1984 ఆగస్టులో ఎగిరింది. దాని శరీరాన్ని పొడిగించి చేసిన ఏటీఆర్ 72 1988 అక్టోబరు 27న తొలిసారి ఎగిరి, సరిగ్గా ఏడాదికి ఫిన్నిష్ సంస్థ ఫిన్‌ఎయిర్ సేవలో చేరింది.

దీని ఇంజను టర్బోప్రాప్, అంటే మండిన వాయువులు తిప్పే టర్బైన్ శక్తిని గేర్ల పెట్టె ద్వారా ప్రొపెల్లరుకు అందించే యంత్రం. వేల చుట్లు తిరిగే టర్బైన్ వేగాన్ని ఆ గేర్లు నిమిషానికి సుమారు 1,200 చుట్లకు దించుతాయి. జెట్ కొద్దిపాటి గాలిని మహావేగంగా వెనక్కి తోస్తే, ప్రొపెల్లర్ ఎక్కువ గాలిని మెల్లగా తోస్తుంది. తక్కువ వేగాల వద్ద ఈ రెండో పద్ధతిలోనే శక్తి తక్కువగా వృథా అవుతుంది.

ఈ విమానానికి తీవ్రమైన పరీక్ష చలిలో ఎదురైంది. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్ వద్ద రెక్కలపై మంచు పేరుకొని ఒక ఏటీఆర్ 72 కూలి 68 మంది మరణించాక, రెక్క అంచున మంచును విరగ్గొట్టే, గాలితో ఉబ్బే రబ్బరు తొడుగులను వెడల్పు చేశారు. రాయలసీమలో సమస్య ఎండది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 8 శాతం తక్కువ కాబట్టి, రెక్కకు ఎత్తుబలం, ఇంజనుకు శక్తి రెండూ తగ్గి, నేలను విడవడానికి ఎక్కువ పరుగు కావాలి. సాధారణ వాతావరణంలో నిండు బరువుతో ఏటీఆర్ 72కు సుమారు 1,300 మీటర్లు చాలు గనుక, కర్నూలు జిల్లా ఓర్వకల్లులోని 2,000 మీటర్ల రన్‌వే వేసవిలోనూ దానికి సరిపోతుంది.

2015 జూన్ 7న కడపలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది; 2017 ఏప్రిల్ 27న చిన్న నగరాలను విమానాలతో కలిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద తొలిగా మొదలైన సర్వీసుల్లో కడప, హైదరాబాదుల మధ్య ట్రూజెట్ సంస్థ నడిపిన ఏటీఆర్ 72 ఒకటి. బ్రిటిషు పాలనపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి 2021 మార్చి 28న ఇండిగో బెంగళూరు, చెన్నై, విశాఖలకు సర్వీసులు మొదలుపెట్టింది. వీటి దూరాలు వరుసగా సుమారు 280, 370, 580 కిలోమీటర్లు, అంటే మూడూ టర్బోప్రాప్‌కు తగినవే. ట్రూజెట్ మాత్రం 2022లో ఆగిపోయింది. రోజుకు ఒకే విమానం ఉన్నచోట అది తప్పిపోయిన ప్రయాణికుడికి 36 నిమిషాల లెక్కతో పని లేదు. మరింత వేగమైన విమానాల కోసం చూడకుండా, ఉదయం, సాయంత్రం తప్పక తిరిగే ఇటువంటి విమానాలను ఈ రెండు విమానాశ్రయాలకు సమకూర్చడమే ప్రభుత్వాలు చేయవలసిన పని.