మోడెం మార్చే ముందు వైరు చూడండి: ఇంట్లో ఇంటర్నెట్ స్పీడ్ ఎక్కడ ఆగుతోంది?

కూకట్‌పల్లి: పోయిన నెల మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 200 పెట్టించాం. తమ్ముడు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాడు, చెల్లికి ఆన్‌లైన్ కోచింగ్. ఇషా తర్వాత జెద్దాలో ఉన్న అన్నయ్యతో అమ్మీ వీడియో కాల్ మాట్లాడుతుంది. సగం మాటలో అన్నయ్య ముఖం ఆగిపోతుంటే "డబ్బులు కడుతున్నాం కదా బేటా, మరి ఇదేంటి?" అని నన్ను అడిగేది.

ప్లాన్ మారింది, బిల్లు పెరిగింది. స్పీడ్ మాత్రం డబ్బా పక్కన 94 దగ్గరే ఆగింది. లోపలి గదిలో 20 కూడా రాలేదు. కేబుల్ వాలాని అడిగితే "మోడెం పాతది, మార్చుకోండి" అన్నాడు. మార్చాల్సింది నిజంగా ఏది? తెలుసుకున్నది మీకూ చెబుతున్నా.

ముందు వైరు గుర్తుపట్టండి

మనం అన్నింటినీ మోడెం అనే అంటాం. ఇంట్లోకి వచ్చే వైరు మూడు రకాలు. టీవీ కేబుల్‌లా గుండ్రంగా, మందంగా, చివర తిప్పి బిగించేది ఉంటే అదే అసలు కేబుల్ మోడెం. సన్నటి ఫైబర్ వైరు వస్తే ఆ డబ్బా పేరు ఓఎన్‌యూ. బిల్డింగ్‌లోని పెట్టె నుంచి నేరుగా ల్యాన్ వైరు వస్తే మీ ఇంట్లో మోడెమే లేదు, ఉన్నది రౌటర్ మాత్రమే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఈ మూడో రకం చాలా ఉంది.

కేబుల్ మోడెం అయితే కింద ఉన్న స్టిక్కర్ మీద డాక్సిస్ నంబర్ చూడండి. 2.0 అని ఉంటే అది ఒక్క చానల్ మీదే నడుస్తుంది, 40-50 ఎంబీపీఎస్ దాటదు. 3.0 మోడెం చాలా చానళ్లను కలిపి వాడుతుంది కాబట్టి 100, 200 ప్లాన్లకు సరిపోతుంది. ఇక్కడ మోడెం మార్చడంలో అర్థం ఉంది. కానీ బయట కొని తెచ్చి పెట్టేస్తే నడవదు, ఆపరేటర్ తన సిస్టమ్‌లో నమోదు చేయాలి. అందుకే ముందు అడగండి, తర్వాత కొనండి.

94 రహస్యం

మా ఇంటికి వచ్చేది ల్యాన్ వైరు. మా రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. అలాంటి పోర్టులోంచి చేతికి వచ్చేది 94-95 మాత్రమే. ప్లాన్ 200 అయినా, 500 అయినా అంతే. 2017 మార్చిలోనే యాక్ట్ ఫైబర్‌నెట్ హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ ప్లాన్ తెచ్చింది. అంత నీళ్లున్నా మన ఇంటి కుళాయి చిన్నదైతే ఏం లాభం?

మీకూ 94 దగ్గరే ఆగితే రెండు చూడండి. రౌటర్ పోర్టు గిగాబిట్‌దేనా? ల్యాన్ వైరులో ఎనిమిది తీగలూ బాగున్నాయా? ఒక్కటి తెగినా స్పీడ్ 100కి పడిపోతుంది. కొన్ని ఓఎన్‌యూలలో ఒక్క పోర్టు మాత్రమే గిగాబిట్, వైరును అందులోనే పెట్టాలి.

లోపలి గది సంగతి వేరు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటుతుంది, కానీ స్పీడ్ తక్కువ. పైగా కేపీహెచ్‌బీ లాంటి చోట పక్క ఫ్లాట్ల సిగ్నళ్లన్నీ అందులోనే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, దూరం పోదు. అందుకే రెండూ ఉన్న డ్యూయల్ బ్యాండ్ రౌటర్‌ను ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టాలి. టీవీ వెనక వద్దు.

పరీక్ష ఇలా చేయండి

ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో డబ్బాకి కలిపి, మిగతా ఫోన్ల వైఫై ఆపి, పొద్దున 7కి ఒకసారి, రాత్రి 10కి ఒకసారి స్పీడ్ చూడండి. ల్యాప్‌టాప్ పోర్టు కూడా గిగాబిట్‌దే కావాలి.

రెండుసార్లూ ప్లాన్‌కి దగ్గరగా వస్తే లైను బాగుంది, లోపం వైఫైలో. రాత్రి బాగా పడిపోతే వీధి లైను మీద రద్దీ ఉంది, కంప్లైంట్ రాసి నంబర్ తీసుకోండి. డౌన్‌లోడ్‌లో 12 అని కనిపిస్తే కంగారు వద్దు. అది మెగాబైట్లలో, 8తో గుణిస్తే 96 ఎంబీపీఎస్.

కొన్నిసార్లు తప్పు మన ఇంట్లోదే కాదు. 2025 ఆగస్టులో రామంతాపూర్ శోభాయాత్రలో రథానికి కరెంటు సోకి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లు తీసేయడంతో నగరంలో చాలా ఇళ్లకు ఇంటర్నెట్ ఆగింది. అలాంటప్పుడు ఏ మోడెమూ పనికి రాదు.

లెక్క వేసుకోండి

పెద్ద ప్లాన్‌కి నెలకు 300 రూపాయలు ఎక్కువ అనుకుందాం. ఏడాదికి 3,600, దాని మీద 18 శాతం జీఎస్టీ 648. మొత్తం 4,248, అదీ ప్రతి ఏడూ. గిగాబిట్ పోర్టులున్న డ్యూయల్ బ్యాండ్ రౌటర్ రెండు మూడు వేలలో వస్తుంది, ఒక్కసారి ఖర్చు. ఆపరేటర్ డబ్బా ఇస్తే అది అద్దెకా, డిపాజిట్‌కా అడిగి రసీదు తీసుకోండి. పాతది తిరిగి ఇచ్చేటప్పుడు కూడా రాతపూర్వకంగా తీసుకోండి, లేకపోతే డిపాజిట్ మీద పేచీ వస్తుంది.

మేం రౌటర్ మార్చి హాలు మధ్యకి తెచ్చాం. ల్యాన్‌లో 190 దాటింది, లోపలి గదిలో 80 వచ్చింది. మా అవసరానికి అదే ఎక్కువ అనిపించి ప్లాన్‌ను మళ్లీ 100కి దించేశాం. నిన్న రాత్రి అమ్మీ అన్నయ్యతో నలభై నిమిషాలు మాట్లాడింది. ఒక్కసారి కూడా "హలో, వినబడుతోందా?" అనలేదు.